రెండు భాషల ఇల్లు - పెద్దవాళ్ళ మతిమరుపు
(సంఘ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠము)



కార్యవర్గం వారు ఈ యేడు మా ఆరోగ్య విభాగాన్ని పెద్దవాళ్ళ జబ్బుల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. షుగరు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి ఇదివరకే చెప్పుకున్నాం. అందుచేత ఈసారి మెదడుకు సంబంధించిన రెండు జబ్బులను తీసుకున్నాము. ఒకటి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు. రెండోది పక్షవాతం, మన ఇళ్ళలో ఫాలిజ్ అనీ లఖ్వా అనీ అంటాం. ఈ రెండింటిని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉన్నది. వీటి మీద ప్రపంచమంతా చర్చించుకున్న ఒక పరిశోధన ఎక్కడో లండనులోనో అమెరికాలోనో కాదు, మన హైదరాబాదులో, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. పైగా అది మందు గురించి కాదు, మనం ఇంట్లో మాట్లాడే భాషల గురించి. ఇంత దగ్గరి విషయం మనవాళ్ళలో చాలామంది చెవిన పడలేదు.

ముందుగా మతిమరుపు సంగతి. వయసు మీద పడితే మరిచిపోవడం సహజమే గదా అని మీరనవచ్చు. కొంతవరకు నిజమే. జుహర్ నమాజులో మూడో రకాతా నాలుగో రకాతా అని ఒకనాడు అనుమానం రావడం మనందరికీ ఉన్నదే. కాని నలభై యేళ్ళుగా ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, సలాం తిప్పి అయిదు నిమిషాలు కాకముందే ఇంకా చదవలేదనుకొని మళ్ళీ వుజూకు లేస్తూ ఉంటే, అది రోజూ జరుగుతూ ఉంటే, ఇక దానిని సహజం అనరాదు. దుకాణం లెక్కలన్నీ నోటి మీద చెప్పిన మనిషి ఇరవై రూపాయల చిల్లర దగ్గర తికమక పడటం, ఎన్నో పెళ్ళిళ్ళకు దేగీలు దించిన చెయ్యి పొయ్యి ముందు నిలబడి ఇప్పుడేం వెయ్యాలి అని ఆగిపోవడం, పుట్టి పెరిగిన గల్లీలో ఇల్లు ఏ వైపో తెలియక నిలబడిపోవడం - ఇవి జబ్బు గుర్తులు.

మనం ఏం చేస్తాం? "సఠియాగయే" అని నవ్వేస్తాం. ఆ మాటలోనే ఉంది చూడండి, సాఠ్ దాటితే, అంటే అరవై దాటితే, బుద్ధి పోతుందని. లెక్కలు వేరే విధంగా చెబుతున్నాయి. మన దేశంలో అరవై దాటినవారి మీద జరిపిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం అరవై దాటిన నూరుమందిలో డిమెన్షియా ఉన్నవారు సుమారు 7.4. దేశం మొత్తం మీద 88 లక్షల మంది. మగవారిలో 5.8 శాతమైతే ఆడవారిలో 9 శాతం. అంటే నూటికి తొంభై రెండు మందికి పైగా ఈ జబ్బు లేకుండానే ముసలివారవుతున్నారు. అందరికీ వచ్చేదైతే అది వయసు. కొందరికే వచ్చేది జబ్బు. ఈ తేడా మనసుకు పడితే తప్ప ఇంట్లోవాళ్ళు డాక్టరు గడప తొక్కరు. 1906లో జర్మనీ డాక్టరు అల్జీమర్ మొట్టమొదట సభ ముందు పెట్టిన రోగి కూడా ముసలామె కాదు, 1901లో ఆసుపత్రిలో చేరేనాటికి ఆమెకు 51 యేళ్ళే.

ఇంకొందరు ఆసేబ్ అంటారు, ఎవరో ఏదో చేశారంటారు. తావీజు కట్టిస్తారు. దుఆ చేయించడాన్ని మేమెందుకు కాదంటాం, చేయించండి. కాని దానితోపాటు రక్త పరీక్ష కూడా చేయించండి. ఎందుకంటే థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ తక్కువైనా, మనిషి లోపల దిగులుతో కుంగిపోతున్నా మతిమరుపు లాగే కనిపిస్తుంది. వీటికి మందులున్నాయి. మాత్రలతో తగ్గేదానికి రెండేళ్ళు దర్గాల చుట్టూ తిరిగితే ఆ రెండేళ్ళూ ఆ తల్లికి తిరిగి రావు.

ఇక నిమ్స్ పరిశోధనకు వద్దాం. ఒకనాడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా ఎముకల వైద్యానికి మొదలైన చోటే తరువాత నిమ్స్ అయింది. అక్కడ నాడీ వైద్య విభాగంలో మతిమరుపు రోగుల కోసం ఒక ప్రత్యేక క్లినిక్ నడిచింది. డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, వారితో పాటు డాక్టర్ సుభాష్ కౌల్ గారు మొదలైనవారు, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయపు థామస్ బాక్ అనే ఆయన కలిసి, ఆ క్లినిక్కుకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీశారు. వీరిలో 391 మంది రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. మిగతావారికి ఒకటే భాష. జబ్బు మొదటి గుర్తులు ఏ వయసులో కనిపించాయి అని ఇంటివారిని అడిగి లెక్క కట్టారు. ఒకే భాష వారికి సగటున 61.1 యేళ్ళకు మొదలైంది. రెండు భాషల వారికి 65.6 యేళ్ళకు. తేడా నాలుగున్నర సంవత్సరాలు. ఈ ఫలితాలు 2013 నవంబరులో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

నాలుగున్నర యేళ్ళు ఒక ఇంటికి ఎంత పెద్ద కాలమో ఆలోచించండి. ఆఖరి కూతురి నికాహ్ జరిగిపోతుంది. మనుమడు పుట్టి, నడిచి, దాదీతో మాట్లాడే వయసుకొస్తాడు. ఇంతటి వాయిదా ఇచ్చే మాత్ర బజారులో ఏదీ లేదు. ఈమధ్య అల్జీమర్ జబ్బుకు కొత్త ఇంజెక్షన్లు కొన్ని దేశాల్లో వచ్చాయి. అవి జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయేగాని నయం చేయవు. ఖర్చు చూస్తే మనబోటి వాళ్ళు పేరు తలుచుకోవడమే.

ఇక్కడ ఒక న్యాయమైన అనుమానం వస్తుంది. రెండు భాషలు వచ్చినవాడు చదువుకున్నవాడై ఉంటాడు, మంచి ఉద్యోగం, మంచి తిండి ఉంటాయి, వాయిదా పడింది వాటివల్లనేమో గదా? పరిశోధకులకూ ఇదే అనుమానం వచ్చింది. చదువు, వృత్తి, ఆడా మగా, పల్లె పట్నం - ఇవన్నీ లెక్కలో సరిచేసి చూసినా తేడా నిలిచింది. మరీ ముఖ్యంగా అసలు బడి మెట్లే ఎక్కని నిరక్షరాస్యులను విడిగా తీసి చూశారు. వారిలో రెండు భాషల వారికి జబ్బు సుమారు ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఈ మాట మాకు అన్నిటికంటె నచ్చింది. మన నానీలు, దాదీలు ఎందరో బడికి పోలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కూరగాయల బండివాడితో, పాలామెతో, పక్కింటి అక్కతో తెలుగు. ఎవ్వరూ నేర్పలేదు, సర్టిఫికెట్టూ ఇవ్వలేదు. వారికి చదువు లేదని మనమే అనేశాం. వారి మెదడు మాత్రం జీవితమంతా కసరత్తు చేస్తూనే ఉంది.

ఆ కసరత్తు ఏమిటంటే, ఒక భాషలో మాట్లాడేటప్పుడు రెండో భాష మెదడులో నిద్రపోదు. అదీ నాలుక చివరన నిలబడే ఉంటుంది. దాన్ని ఆపాలి, ఎదుటి మనిషిని బట్టి మార్చాలి, మళ్ళీ వెనక్కు రావాలి. రోజుకు వందసార్లు. దీనివల్ల మెదడులో నిల్వబలం పెరుగుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మదీనా బిల్డింగు దగ్గర ట్రాఫిక్ నిలిచిపోయినప్పుడు గల్లీలు తెలిసినవాడు ఎలాగో ఇల్లు చేరతాడు. పెద్ద రోడ్డు ఒక్కటే తెలిసినవాడు అక్కడే ఇరుక్కుంటాడు. జబ్బు ఇద్దరి మెదడులోనూ ఉన్నది. ఒకరు ఇంకా దారి వెతుక్కోగలుగుతున్నారు, అంతే.

ఇంతకు మునుపు 2007లో కెనడాలోని టొరంటోలో 184 మంది రోగుల మీద ఎలెన్ బియాలిస్టాక్ అనే ఆవిడ ఇటువంటి ఫలితమే చూపించింది, అక్కడా నాలుగేళ్ళ పైచిలుకు తేడాయే. కాని అక్కడ రెండు భాషల వారిలో చాలామంది పరాయి దేశాల నుంచి వలస వచ్చినవారు. వలస వచ్చేవారు సహజంగానే గట్టి మనుషులై ఉంటారు, అసలు కారణం భాష కాదు అని విమర్శ వచ్చింది. హైదరాబాదులో ఆ మాట నిలవదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ తరతరాలుగా ఒకే వీధిలో ఉన్నాయి. రెండో భాష కోసం ఇక్కడ ఎవరూ ఓడ ఎక్కలేదు. అందుకే మన నగరపు లెక్కకు అంత విలువ వచ్చింది.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా. అందరూ ఒప్పుకోలేదు. న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే పెద్దవాళ్ళను వెయ్యిమందికి పైగా యేళ్ళ తరబడి గమనించిన పరిశోధన 2014లో వచ్చింది. రెండు భాషల వల్ల డిమెన్షియా రావడంలో తేడా ఏమీ కనబడలేదని వారు తేల్చారు. అదే యేడు స్కాట్లండు నుంచి ఇంకొకటి వచ్చింది. 1947లో పదకొండేళ్ళ వయసులో తెలివి పరీక్ష రాసిన పిల్లలనే డెబ్బై దాటాక మళ్ళీ పరీక్షించారు. చిన్ననాటి తెలివిని లెక్కలోంచి తీసేసినా, రెండో భాష వచ్చినవారు ఆశించినదానికంటె మెరుగ్గా ఉన్నారు. మా అభిప్రాయం అడిగితే, నిమ్స్ లెక్క ఆసుపత్రికి వచ్చినవారిదే, రానివారి సంగతి అందులో లేదు. జబ్బు మొదలైన వయసు కూడా ఇంటివారు గుర్తు చేసుకొని చెప్పినదే. కనుక ఇది టీకా లాంటిది కాదు. రెండు భాషలు వచ్చిన 391 మందికీ జబ్బు వచ్చిందన్న సంగతి మరువరాదు. మూడు నాలుగు భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభం కూడా ఆ పరిశోధనలో కనబడలేదు. ఈ వయసులో అరబ్బీ, ఇంగ్లీషు కోర్సుల్లో చేరితే జబ్బు రాదా అని అడిగేవారికి ఇదే జవాబు. నేర్చుకోండి, మంచిదే, కాని బీపీ మాత్ర మానకండి.

బీపీ మాట ఎందుకు వచ్చిందంటే, పక్షవాతానికీ మతిమరుపుకూ మధ్య వంతెన అదే. మెదడులో నరాలకు రక్తం అందక కొంచెం కొంచెంగా చెడిపోతే వచ్చే డిమెన్షియా కూడా ఒక రకం ఉన్నది. నిమ్స్ వారు చూసిన 648 మందిలో 189 మందిది ఆ రకమే. తరువాత అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని విడిగా పరిశీలించి 2015 చివరలో ఫలితాలు వెల్లడించింది. పక్షవాతం తరువాత కూడా జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవారు రెండు భాషల వారిలో 40.5 శాతం, ఒకే భాష వారిలో 19.6 శాతం. రెట్టింపు. మాట పడిపోవడం మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకటే. అంటే రెండు భాషలు నాలుకను కాపాడలేదు, ఆలోచనను కాపాడాయి.

కాని పక్షవాతంలో భాషలకంటె గడియారం ముఖ్యం. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. మూతి ఒకవైపు వంకర పోయినా, ఒక చెయ్యి పైకెత్తితే జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా అది పక్షవాతం కావచ్చు. మెదడు నరంలో గడ్డ అడ్డుపడి ఉంటే ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ఉన్నది. అది నాలుగున్నర గంటల లోపల పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. పెద్ద నరం మూసుకుపోతే తొడ నరం గుండా తీగ పంపి గడ్డను లాగేసే పద్ధతి 2015 నుంచి స్థిరపడింది, దానికి కొందరిలో ఇంకా ఎక్కువ వ్యవధి ఉంటుంది. అయితే కొందరిలో నరం మూసుకుపోదు, చిట్లుతుంది. రెండూ బయటకు ఒకేలా కనిపిస్తాయి. సీటీ స్కాన్ తీస్తేగాని తెలియదు. అందుకే ఇంట్లో సొంతంగా ఆస్పిరిన్ మింగించకండి. నీళ్ళు, తేనె, పాలు ఏవీ నోట్లో పోయకండి, మింగే శక్తి పోయి ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పావురం రక్తం పూస్తే తగ్గుతుందని నమ్మే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దానివల్ల పావురం పోతుంది, నాలుగున్నర గంటలూ పోతాయి. 108కి ఫోను చేయండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. ఇంటి పక్క క్లినిక్కులో సెలైను ఎక్కించుకుంటూ కూర్చోరాదు.

డాక్టరు మొదట అడిగేది, మనిషి బాగా ఉండగా ఆఖరున ఎప్పుడు చూశారు అని. సహరీకి లేపబోతే చెయ్యి కదలడం లేదనుకోండి, లెక్క సహరీ నుంచి కాదు, రాత్రి ఇషా తరువాత బాగా మాట్లాడి పడుకున్న గంట నుంచి. ఆ గంట ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుండాలి. రంజాను మాట వచ్చింది గనుక ఇంకొక్క ముక్క. రోజా పేరుతో నెల రోజులు బీపీ మాత్ర మానేసేవారు ఉన్నారు. నెల ముందే డాక్టరును అడిగితే సహరీకి, ఇఫ్తారుకు సరిపడేలా మార్చి రాస్తారు. రోజా ఉండదగిన ఆరోగ్యం కాదని ఆయన చెబితే ఆ మాటా వినవలసిందే.

ఇప్పుడు మళ్ళీ ఇంటికి, భాషకు వస్తాం. మా శిబిరాలకు వచ్చే కుటుంబాలలో ఒక విషయం తరచు గమనిస్తున్నాము. దాదీకి ఉర్దూ, తెలుగు వచ్చు. కొడుకూ కోడలూ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు, బళ్ళో వెనకబడతారని భయం. పిల్లలకు తెలుగు సగం వస్తుంది, ఉర్దూ అసలు రాదు. మతిమరుపు ముదిరినకొద్దీ కొందరు పెద్దవాళ్ళు తరువాత నేర్చిన భాషను వదిలేసి చిన్ననాటి భాషలోకి వెళ్ళిపోతారు. ఆమె "ప్యాస్ లగ్రీ" అంటుంది. పక్కన కూర్చున్న పదేళ్ళ మనుమడికి దాహమని అర్థం కాదు. దాదీ ఏదో గొణుగుతోంది అని ఫోను చూసుకుంటాడు. వాడి తప్పు ఏమున్నది? వాడికి ఆ మాట ఎవరు చెప్పారు? పిల్లలకు ఇంగ్లీషు వద్దని మేమనం. ఇంగ్లీషు బడి ఇస్తుంది. ఉర్దూ, తెలుగు ఇల్లే ఇవ్వాలి. రెండు భాషల వల్ల పిల్లల బుర్ర గందరగోళమవుతుందని ఏ పంతులమ్మయినా చెబితే ఆమెకు ఈ నగరపు లెక్క చూపించండి.

వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఓర్పు కావాలి. "అబ్బా ఇంకా ఇంటికి రాలేదేం?" అని పదిసార్లు అడుగుతుంది. ఆ అబ్బా పోయి ముప్పై యేళ్ళయింది. పదిసార్లూ "పోయారు గదా అమ్మీ" అంటే పదిసార్లూ కొత్తగా ఏడుస్తుంది. "అబ్బా మీకు ఈద్ కు ఏం తెచ్చేవారు?" అని అడిగి చూడండి, మాట మళ్ళుతుంది. ఇదంతా పడేది ఎవరి మీద? సాధారణంగా కోడలి మీద. తల్లిని చూసుకుంటున్నాడన్న పేరు కొడుకుకు వస్తుంది, రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గొళ్ళెం చూసేది కోడలు. వారంలో ఒక పూటైనా ఆమెకు సెలవు ఇచ్చే ఏర్పాటు అన్నదమ్ములు, ఆడపడుచులు కూర్చుని చేసుకోవాలి. ఇది మేము ఇక్కడ పబ్లిక్ గా అంటున్నందుకు సోదరులు ఏమీ అనుకోవద్దు.

చెవి సంగతి కూడా చూడండి. ఏది అడిగినా "హా, హా" అంటున్నారంటే మతి పోయిందనుకుంటాం. ఒక్కోసారి వినబడకే అలా అంటారు. చెవుడును పట్టించుకోకపోతే డిమెన్షియా ముప్పు పెరుగుతుందని తేలింది. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ళకు చెవి మిషన్లు ఇచ్చి మూడేళ్ళు చూస్తే, ఆలోచనాశక్తి తగ్గడం దాదాపు సగానికి సగం నెమ్మదించింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో అంత తేడా రాలేదు. మసీదు మైకులో అజాను వినబడటం లేదని పెద్దాయన అంటే మైకు సంగతి తరువాత, ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

పరీక్షకు వెళ్ళేటప్పుడు మరిచిపోకూడనిది ఒకటి. జ్ఞాపకశక్తి పరీక్ష అంటే ప్రశ్నలే. ప్రశ్న రాని భాషలో అడిగితే జవాబు ఎలా వస్తుంది? భారత వైద్య పరిశోధన మండలి వారు తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం - ఈ అయిదు భాషల్లో పరీక్షలు తయారు చేయించి 2020లో వెల్లడించారు. ఆ మొదటి విడతలో ఉర్దూ లేదు. కనుక మీ అమ్మీకి ఏ భాష బాగా వచ్చో, ఎంతవరకు చదివిందో, అసలు చదవలేదో డాక్టరుకు ముందే చెప్పండి. పక్కన కూర్చుని జవాబులు అందించకండి, చాలామంది ప్రేమకొద్దీ అదే పని చేస్తారు. మొదట ఏం మరిచిపోయింది, ఎప్పటినుంచి, ఒక్కసారిగానా మెల్లగానా అన్నది ఒక కాగితం మీద రాసి పట్టుకుపోండి. వాడుతున్న మందులన్నీ, హకీం గారిచ్చినవి కూడా, ఒక సంచిలో వేసి తీసుకుపోండి.

ఈ హాలు పక్క గదిలో మా వాళ్ళు బీపీ, షుగరు చూస్తున్నారు. మగ్రిబ్ దాకా ఉంటారు. పరదా వైపు వారికి మా సోదరీమణులు ఇద్దరు వేరుగా కూర్చున్నారు. యాభై దాటినవారు చూపించుకోకుండా భోజనాలకు లేవవద్దని మనవి. బిర్యానీ ఎక్కడికీ పోదు, కార్యదర్శి గారు మాట ఇచ్చారు.